హెడ్‌ఫోన్ పిన్నులు, బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్: తరచుగా అడిగే ప్రశ్నలు

జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయరో, ఫోన్‌కు తగిలించే డిజిటల్ పాటను అనలాగ్ సిగ్నల్‌గా మార్చే చిన్న డాకో కొన్నవాళ్లకు మొదటి రోజే వచ్చే సందేహం ఒకటుంది. పక్కపక్కనే రెండు రంధ్రాలు ఎందుకున్నాయి, మన హెడ్‌ఫోన్ దేంట్లో పెట్టాలి? స్నేహితులకు, చుట్టాలకు ఇవే జవాబులు ఫోన్‌లో చెప్పీ చెప్పీ చివరికి ఒకచోట రాసి పెడుతున్నాను. మొదటి నుంచి చదవక్కర్లేదు. మీ ప్రశ్న ఎక్కడుంటే నేరుగా అక్కడికే వెళ్లండి. ఇక్కడ పిన్ను అంటే వైరు చివర ఉండేది, జాక్ అంటే ప్లేయర్‌లో ఉండే రంధ్రం.

## పిన్నును గుర్తుపట్టడం

3.5, 2.5, 4.4, 6.35 అంటారు కదా, ఈ అంకెలు దేనివి?

పిన్ను లావు ఎన్ని మిల్లీమీటర్లో చెప్పే అంకెలు.

6.35 అంటే పావు అంగుళం. 19వ శతాబ్దంలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటర్లు ఒక లైనును ఇంకో లైనుతో కలపడానికి వాడిన పిన్ను ఇదే. ఇప్పటికీ గిటార్లకు, స్టూడియో హెడ్‌ఫోన్లకు ఉంటుంది. దాని చిన్న తమ్ముడు 3.5. ట్రాన్సిస్టర్ రేడియోల్లో కనిపించి, 1979లో సోనీ వాక్‌మన్‌తో ఇంటింటికీ చేరింది.

మిగతా రెండూ ఈ ప్లేయర్లలో బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ కోసం వాడేవి, అంటే ప్రతి చెవికి రెండేసి ఆంప్లిఫయర్లు పనిచేసే పద్ధతి (వివరం కింద ఉంది). 2.5 సైజును జేబు ప్లేయర్లలో బాగా ప్రచారంలోకి తెచ్చింది ఆస్టెల్ అండ్ కెర్న్ సంస్థ. 2014లో వచ్చిన వాళ్ల ఏకే240 ప్లేయర్ అందుకు పెద్ద కారణం. 4.4 జపాన్‌లో పుట్టింది. అక్కడి ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంఘం జైటా దానికి ప్రమాణం రాసింది, 2016లో సోనీ తన డబ్ల్యూఎం1ఏ, డబ్ల్యూఎం1జెడ్ వాక్‌మన్లలో పెట్టింది. దీన్నే పెంటాకాన్ అని కూడా అంటారు. పిన్ను మీద ఐదు లోహపు భాగాలు ఉంటాయి కాబట్టి ఆ పేరు.

పిన్ను మీద నల్ల గీతలు కొన్నింటికి రెండు, కొన్నింటికి మూడు ఉన్నాయి. వాటి అర్థం ఏమిటి?

నల్ల గీత కరెంటు పారని ప్లాస్టిక్. రెండు లోహపు భాగాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో అడ్డంగా ఉంటుంది. గీతల సంఖ్యకు ఒకటి కలిపితే లోపల ఎన్ని దారులున్నాయో తెలుస్తుంది.

రెండు గీతలున్న 3.5 మామూలు స్టీరియో పిన్ను. కొస ఎడమ చెవికి, మధ్య భాగం కుడి చెవికి, మొదలు రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. మూడు గీతలున్న 3.5 అయితే మైకు కూడా ఉన్నట్టు. 2.5 బ్యాలెన్స్‌డ్‌కు మూడు గీతలు, 4.4కు నాలుగు. ఒక్క జాగ్రత్త చెప్పాలి. హైఫైమ్యాన్ పాత ప్లేయర్లలో కొన్నింటికి మూడు గీతల 3.5 పిన్నునే బ్యాలెన్స్‌డ్ కోసం వాడారు. సెకండ్ హ్యాండ్‌లో అలాంటివి కొంటే మాన్యువల్ చూడకుండా ఫోన్ ఇయర్‌ఫోన్స్ పెట్టకండి.

పిన్ను కాస్త బయటికి జారితే పాటలో గొంతు మాయమై మ్యూజిక్ మాత్రమే వస్తుంది. ఎందుకలా?

చిన్నప్పుడు మనందరం చూసిన వింతే ఇది. పల్లవి దగ్గర పిన్ను కొంచెం లాగితే గాయకుడు ఎక్కడో బావిలోంచి పాడుతున్నట్టు దూరమైపోతాడు, వయొలిన్లు, తబలా మాత్రం పక్కల నుంచి మోగుతూనే ఉంటాయి. దీని వెనక ఉన్న సంగతి అర్థమైతే బ్యాలెన్స్‌డ్ ఎందుకు పుట్టిందో సగం అర్థమైనట్టే.

మామూలు పిన్నులో ఎడమ స్పీకర్ నుంచి తిరిగొచ్చే కరెంటు, కుడి స్పీకర్ నుంచి తిరిగొచ్చే కరెంటు ఒకే ఉమ్మడి దారిలో వెనక్కి వెళతాయి. పిన్ను జారినప్పుడు ఆ ఉమ్మడి దారి తెగుతుంది. వెళ్లడానికి దారి లేక కరెంటు ఎడమ స్పీకర్‌లోంచి బయల్దేరి కుడి స్పీకర్ గుండా పోతుంది. అప్పుడు మీకు వినిపించేది ఎడమకూ కుడికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. గొంతును రికార్డింగులో సరిగ్గా నడిమధ్యన పెడతారు, అంటే రెండు వైపులా సమానంగా ఉంటుంది. సమానమైనవి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పక్కలకు సర్దిన వాయిద్యాలు మిగులుతాయి.

ఘంటసాల పాట పెట్టి ఇదే చేసి చూడండి. ఆయన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనో రికార్డింగులు, రెండు వైపులా ఒకటే ఉంటుంది. కాబట్టి గొంతుతో పాటు వాయిద్యాలు కూడా పోయి, దాదాపు ఏమీ వినిపించదు.

మైకున్న ఇయర్‌ఫోన్స్ ఒక ఫోన్‌లో బాగున్నాయి, పాత ఫోన్‌లో పెడితే గొంతు రావట్లేదు. పాడైపోయాయా?

పాడవలేదు. మూడు గీతల పిన్నులో మైకును, గ్రౌండ్‌ను ఏ వరసలో పెట్టాలన్న దానికి రెండు పద్ధతులున్నాయి. ఇప్పటి ఫోన్లు దాదాపు అన్నీ సీటీఐఏ పద్ధతి, పాత ఫోన్లలో కొన్ని ఓఎంటీపీ పద్ధతి. రెండూ కలవకపోతే గ్రౌండ్ సరిగ్గా అందదు. మైకు బటన్ నొక్కి పట్టుకుంటే పాట మామూలుగా వినిపిస్తే మీ సమస్య ఇదే. వరస మార్చే చిన్న అడాప్టర్లు దొరుకుతాయి.

నా హెడ్‌ఫోన్ కప్పులో దూరే వైపు 2.5 పిన్ను ఉంది. అంటే అది బ్యాలెన్స్‌డ్ అన్నమాటేనా?

కాదు. కప్పు వైపు పిన్ను ఎంత సైజులో ఉండాలన్నది తయారుచేసేవాళ్ల ఇష్టం. బోస్ క్వైట్‌కంఫర్ట్ 35కు, ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్‌కు అక్కడ 2.5 ఉంటుంది, రెండూ బ్యాలెన్స్‌డ్ కావు. ప్లేయర్‌లో పెట్టే వైపు పిన్నునే చూడాలి.

ఫోన్‌కు 3.5 జాక్ లేదు. ఒక టైప్-సి కన్వర్టర్ పనిచేస్తోంది, ఇంకోటి అసలు పనిచేయట్లేదు. తేడా ఏమిటి?

పైకి ఒకేలా కనిపించినా అవి రెండు రకాలు. ఒకదానిలో వైర్లు తప్ప ఏమీ ఉండవు. ఫోనే లోపల పాటను అనలాగ్‌గా మార్చి టైప్-సి గుండా పంపాలి, చాలా ఫోన్లలో ఆ సౌకర్యం లేదు. రెండోదానిలో చిన్న డాక్ చిప్ ఉంటుంది, డిజిటల్‌గా వచ్చిన పాటను అదే మార్చుకుంటుంది. కొనేటప్పుడు పెట్టె మీద డాక్ అని ఉందో లేదో చూడండి. ఆపిల్ అమ్మే టైప్-సి నుంచి 3.5 కన్వర్టర్‌లో డాక్ ఉంది, దాదాపు 1 వోల్ట్ ఇస్తుంది. మామూలు ఇయర్‌ఫోన్స్‌కు అది చాలు.

## బ్యాలెన్స్‌డ్ అంటే

బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ అంటే అసలు ఏమిటి? ఇంజనీరింగ్ చదవనివాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి.

మామూలు జాక్‌లో ప్రతి చెవికి ఒక ఆంప్లిఫయర్ ఉంటుంది. స్పీకర్ ఒక కొసను అది ఆడిస్తుంది, రెండో కొస గ్రౌండ్‌కు కట్టేసి కదలకుండా ఉంటుంది. బ్యాలెన్స్‌డ్‌లో ప్రతి చెవికి రెండు ఆంప్లిఫయర్లు. ఒకటి ఒక కొసను పైకి తోస్తుంటే, అదే క్షణంలో రెండోది ఇంకో కొసను కిందికి లాగుతుంది.

చెట్టు దుంగను కోసే పెద్ద రంపాన్ని గుర్తు తెచ్చుకోండి. అటొకరు, ఇటొకరు. ఒకరు లాగేటప్పుడు రెండోవారు తోస్తారు. ఇద్దరి కదలికలు ఎదురెదురుగా కనిపిస్తాయి, పని మాత్రం ఒకటే. ఒక్కడే కోసేదానికన్నా బలం ఎక్కువ.

రెండు చెవులకు కలిపి నాలుగు ఆంప్లిఫయర్లు, నాలుగు తీగలు అయ్యాయి. ఉమ్మడి గ్రౌండ్ దారి లేదు, ఎడమవి ఎడమకే, కుడివి కుడికే. మూడు దారుల మామూలు 3.5 పిన్ను దీనికి సరిపోదు. 2.5, 4.4 వాడేది అందుకే.

స్టూడియోలో మైకులకు వాడే బ్యాలెన్స్‌డ్ కేబుల్ లాగా ఇది కూడా బయటి రొదను ఆపుతుందా?

పేరు ఒకటే, అవసరం వేరు. స్టూడియోలో మైకు నుంచి వచ్చే సిగ్నల్ చాలా సన్నది, పదుల మీటర్ల కేబుల్‌లో ప్రయాణిస్తుంది. దారిలో కరెంటు వైర్ల రొద రెండు తీగల్లోకీ సమానంగా చేరితే, అవతలి పరికరం ఆ రెంటి తేడాను మాత్రమే తీసుకుని రొదను వదిలేస్తుంది.

మీ హెడ్‌ఫోన్ కేబుల్ మీటరు, మీటరున్నర. అందులో పోయే సిగ్నల్ మైకు సిగ్నల్ కన్నా వందల రెట్లు పెద్దది. ఆ కాస్త దూరంలో చేరే రొద మామూలు 3.5లోనూ మీకు వినిపించదు. "రొద తగ్గుతుంది" అని చెప్పి ఎవరైనా బ్యాలెన్స్‌డ్ కేబుల్ అమ్మితే ఆ ఒక్క మాట నమ్మి కొనకండి.

3.5 నుంచి 4.4కు మార్చగానే సౌండ్ ఎంతో బాగుంది. నా చెవులు నన్ను మోసం చేస్తున్నాయా?

మీ చెవులు నిజమే చెబుతున్నాయి, కాకపోతే అవి చెప్పేది సౌండ్ పెరిగిందని. చాలా ప్లేయర్లలో వాల్యూమ్ అంకె అదే ఉన్నా 4.4 జాక్ రెట్టింపు వోల్టేజీ ఇస్తుంది, అంటే 6 డెసిబెల్స్ ఎక్కువ. సౌండ్ పెరిగితే బేస్ నిండుగా, గొంతు దగ్గరగా, చిన్న చిన్న శబ్దాలు స్పష్టంగా అనిపిస్తాయి. మనిషి వినికిడి తీరే అంత.

మా బావమరిది కొత్త ప్లేయర్ తెచ్చి ఇదే మాటన్నాడు, మొహం వెలిగిపోతోంది. అతని ఇయర్‌ఫోన్స్‌కు ఊడదీసే కేబుళ్లు రెండున్నాయి, ఇయర్‌ఫోన్‌లో దూరే వైపు రెండేసి బుల్లి పిన్నులుంటాయి. ఒకటి 3.5ది, ఒకటి 4.4ది. ఇయర్‌ఫోన్ వైపు ఊడదీసి, 100 హెర్ట్జ్ టోన్ పెట్టి, ఆ బుల్లి పిన్నుల మీద మల్టీమీటర్ కొసలు ఆనించి ఏసీ వోల్టేజీ చూశాం. 3.5లో 0.20 వోల్ట్లు, అదే వాల్యూమ్ అంకె మీద 4.4లో 0.40. అప్పుడు 4.4 వాల్యూమ్‌ను 0.20 దాకా తగ్గించి, ఏది ఏదో చెప్పకుండా మార్చి మార్చి వినిపించాను. పది సార్లలో ఆరు సార్లు సరిగ్గా చెప్పాడు. నాణెం ఎగరేసినా దాదాపు అంతే వస్తుంది.

తేడా ఎప్పుడూ ఉండదని నేను అనను. రెండు ఆంప్లిఫయర్లు వరసలో చేరడంతో బ్యాలెన్స్‌డ్ జాక్‌కు అవుట్‌పుట్ ఇంపీడెన్స్ (లోపలి నిరోధం) సాధారణంగా ఎక్కువ ఉంటుంది. లోపల నాలుగైదు బుల్లి స్పీకర్లున్న ఇయర్‌ఫోన్స్‌లో అది స్వరాన్ని కొద్దిగా మార్చగలదు. కొన్ని ప్లేయర్లలో 3.5 సర్క్యూట్‌నే నాసిగా కట్టి ఉంటారు. కానీ సౌండ్ సమానం చేయకుండా పోల్చితే ఇవేవీ తెలియవు. ఈ పేజీలో ఒక్క పని చేసి చూడమంటే నేను చెప్పేది ఇదే.

బ్యాలెన్స్‌డ్‌లో పవర్ రెట్టింపా, నాలుగు రెట్లా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

వోల్టేజీ రెట్టింపు అవుతుంది. పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి లెక్క ప్రకారం నాలుగు రెట్లు. 32 ఓమ్ హెడ్‌ఫోన్‌కు 2 వోల్ట్లు ఇస్తే 125 మిల్లీవాట్లు, 4 వోల్ట్లు ఇస్తే 500.

అయితే నాలుగు రెట్ల పవర్‌కు కరెంటు కూడా రెట్టింపు కావాలి. చిన్న డాక్‌లలో చిప్ అంత కరెంటు ఇవ్వలేదు, ఇస్తే వేడెక్కుతుంది. కాబట్టి 16, 32 ఓమ్ దగ్గర లాభం రెండు రెట్ల దగ్గరే ఆగిపోవచ్చు. 300 ఓమ్ హెడ్‌ఫోన్ కరెంటు పెద్దగా అడగదు, అక్కడ నాలుగు రెట్లూ అందుతాయి. ఇద్దరు చెప్పిందీ నిజమే, హెడ్‌ఫోన్‌ను బట్టి మారుతుంది.

ఎడమ, కుడి కలిసిపోకుండా ఉంటాయంటారు కదా, అదైనా నిజమేనా?

నిజమే, కాకపోతే ఎంత అన్నది చూడాలి. మామూలు పిన్నులో ఉమ్మడి గ్రౌండ్ దారికి కాస్త నిరోధం ఉంటుంది. అది 0.3 ఓమ్, హెడ్‌ఫోన్ 30 ఓమ్ అనుకుందాం. ఎడమ వైపు సిగ్నల్‌లో నూరో వంతు కుడి చెవిలోకి తొంగి చూస్తుంది, అంటే 40 డెసిబెల్స్ తక్కువ సౌండ్‌తో. 300 ఓమ్ హెడ్‌ఫోన్ అయితే 60 డెసిబెల్స్ తక్కువ. గ్రామఫోన్ ఎల్పీ రికార్డుల్లో ఈ తేడా 25, 30 డెసిబెల్స్ మాత్రమే ఉంటుంది, అయినా వాటిలో స్టీరియో లేదని ఎవరూ అనలేదు.

ఇంకో సంగతి. కేబుల్‌లో నాలుగు తీగలు విడివిడిగా పిన్ను దాకా వచ్చి అక్కడే కలిస్తే, 3.5లో కూడా ఈ కలయిక చాలావరకు తగ్గిపోతుంది. ఎడమ, కుడి కప్పులకు వైరు చీలే చోట రెండు గ్రౌండ్లనూ కలిపేసిన మూడు తీగల కేబుళ్లలోనే ఎక్కువ.

నేను వినేవన్నీ పాత పాటలే. నాకు లాభమా?

మోనో పాటలో రెండు వైపులా ఒకటే కాబట్టి ఎడమ, కుడి కలవడమన్న ప్రశ్నే లేదు. మీ హెడ్‌ఫోన్‌కు సౌండ్ చాలకపోతేనే 4.4 గురించి ఆలోచించండి.

4.4 జాక్ ఉంటే అది నిజంగా బ్యాలెన్స్‌డే అనుకోవచ్చా?

అనుకోకండి. జాక్ సైజు చూసి లోపల ఏముందో చెప్పలేం. కొన్ని చవక డాక్‌లలో 4.4 జాక్ పెట్టి, లోపల రెండు మైనస్ కాంటాక్టులనూ (ఎడమ, కుడి స్పీకర్ల రెండో కొసలకు వెళ్లేవి) గ్రౌండ్‌కే కలిపేస్తారు. స్పెసిఫికేషన్‌లో 3.5 పవర్, 4.4 పవర్ విడివిడిగా ఇచ్చారో లేదో చూడండి. రెండూ ఒకటే అయితే అనుమానించాలి. ఇంట్లో చూడాలంటే ప్లేయర్ ఆఫ్ చేసి, 4.4 కేబుల్ పెట్టి, హెడ్‌ఫోన్ తీసేసి, ఎడమ మైనస్‌కూ కుడి మైనస్‌కూ మధ్య మల్టీమీటర్‌తో నిరోధం చూడండి. దాదాపు సున్నా వచ్చి బీప్ మోగితే అవి లోపల కలిసిపోయి ఉన్నాయని గట్టి అనుమానం. ఆఫ్‌లో ఉన్నప్పుడు జాక్‌ను గ్రౌండ్ చేసే ప్లేయర్లు కూడా ఉన్నాయి కాబట్టి, తయారీదారు చెప్పే సర్క్యూట్ వివరాలు కూడా చదివాకే తీర్పు చెప్పండి.

## కొనే ముందు

నా హెడ్‌ఫోన్‌కు బ్యాలెన్స్‌డ్ అవసరమో కాదో ఎలా తెలుసుకోవాలి?

ముందు ఒకటి గమనించండి. ఇప్పుడున్న 3.5 జాక్‌లో మీరు వాల్యూమ్ ఎంతలో పెడుతున్నారు? 60, 70 శాతంలోనే చెవికి చాలిపోతుంటే మీకు పవర్ కొరత లేదు.

లెక్కతో చూద్దాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 ఇంపీడెన్స్ 300 ఓమ్, 1 వోల్ట్‌కు 103 డెసిబెల్స్ ఇస్తుందని తయారీదారు చెబుతాడు. 2 వోల్ట్లిచ్చే మామూలు 3.5 జాక్‌లో 109, 4 వోల్ట్ల 4.4 జాక్‌లో 115. 300 ఓమ్ అంటే భయపడతారు కానీ, 109 చాలామందికి చాలు. మెల్లగా మొదలై ఒక్కసారి పైకి లేచే శాస్త్రీయ సంగీతం, తక్కువ స్థాయిలో రికార్డు చేసిన పాత ఆల్బమ్‌లు వినేవాళ్లకు మిగతా 6 డెసిబెల్స్ పనికొస్తాయి.

ఇప్పుడు హైఫైమ్యాన్ హెచ్ఈ6 చూడండి. 50 ఓమ్, 1 మిల్లీవాట్‌కు 83.5 డెసిబెల్స్. 2 వోల్ట్లకు 80 మిల్లీవాట్లు అందుతాయి, సౌండ్ 102.5 దగ్గర ఆగుతుంది. 4 వోల్ట్లకు 320 మిల్లీవాట్లు, 108.5. పల్చటి చదునైన పొరతో శబ్దం చేసే ఇలాంటి ప్లేనార్ హెడ్‌ఫోన్లకు బ్యాలెన్స్‌డ్ నిజంగా అవసరం.

మామూలు ఇయర్‌ఫోన్స్ అటు చివర ఉంటాయి. 16 ఓమ్, 1 మిల్లీవాట్‌కు 105 డెసిబెల్స్ అయితే 0.1 వోల్ట్‌కే 103 డెసిబెల్స్ వస్తుంది. వీటికి 4.4 ఉన్నా లేకపోయినా ఒకటే.

ఇయర్‌ఫోన్స్‌ను 4.4లో పెడితే పాట లేనప్పుడు సన్నగా "స్స్" అని వినిపిస్తోంది. 3.5లో అలా లేదు.

అది ఆంప్లిఫయర్ సొంత రొద. బ్యాలెన్స్‌డ్‌లో బలం ఎక్కువ కాబట్టి రొద కూడా కొన్నిసార్లు ఎక్కువ ఉంటుంది, సున్నితమైన ఇయర్‌ఫోన్స్ దాన్ని దాచవు. గెయిన్ సెట్టింగ్‌ను, అంటే ఆంప్లిఫయర్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పేదాన్ని, 'లో' (తక్కువ)లో పెట్టండి. అయినా పోకపోతే ఆ ఇయర్‌ఫోన్స్‌కు 3.5 జాకే మేలు, మరో ఆలోచన వద్దు.

కొత్తగా కేబుల్ కొంటున్నాను. 2.5 మేలా, 4.4 మేలా?

4.4. నాలుగు కాంటాక్టులను 2.5 మిల్లీమీటర్ల సన్నని కడ్డీలో ఇరికించడంతో ఆ పిన్ను బలహీనం. జేబులో పెట్టుకుని కూర్చుంటే వంగుతుంది, విరిగి సగం జాక్‌లో ఉండిపోయినవి నేను చూశాను. ఆస్టెల్ అండ్ కెర్న్ కూడా తర్వాత తన ప్లేయర్లలో 4.4 పెట్టింది. మీ దగ్గర పాత 2.5 కేబుల్ ఉంటే పారేయకండి, 2.5 నుంచి 4.4 అడాప్టర్‌తో హాయిగా వాడుకోవచ్చు. రెండూ బ్యాలెన్స్‌డే.

కేబుల్ మారిస్తే ఏ హెడ్‌ఫోన్ అయినా బ్యాలెన్స్‌డ్ అవుతుందా?

రెండు కప్పులకూ విడివిడిగా వైరు వెళ్లే హెడ్‌ఫోన్ అయితే దాదాపు అవుతుంది. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 650లకు కేబుల్ మారిస్తే చాలు. 2017లో వచ్చిన హెచ్‌డీ 660ఎస్‌తో పాటు పెట్టెలోనే 4.4 కేబుల్ ఇచ్చారు. ఊడదీసే కేబుల్ ఉన్న ఇయర్‌ఫోన్స్‌కూ ఇబ్బంది లేదు.

ఒక్క కప్పుకే వైరు వెళ్లే హెడ్‌ఫోన్లతోనే చిక్కు. ఎం50ఎక్స్ లాంటి వాటిలో ఎడమ కప్పు నుంచి కుడి కప్పుకు లోపల వెళ్లే తీగల్లో గ్రౌండ్ ఉమ్మడి. కప్పు విప్పి వైరింగ్ మార్చితే తప్ప కుదరదు, వారంటీ పోతుంది. నేనైతే వద్దంటాను.

ఎల్‌డాక్ (బ్లూటూత్‌లో పాటను ఎక్కువ వివరంగా పంపే పద్ధతి) ఉన్న బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడుతున్నాను. ప్లేయర్‌లో 4.4 ఉంటే లాభమా?

లేదు. బ్లూటూత్‌లో పాట డిజిటల్‌గానే వెళుతుంది, ఆంప్లిఫయర్ హెడ్‌ఫోన్ లోపల ఉంటుంది. ప్లేయర్ జాక్‌కూ దానికీ సంబంధం లేదు.

వెండి పూత కేబుల్ కొంటే ఇంకా బాగుంటుందా?

మెత్తగా, చుట్టుకోకుండా, బట్టలకు రాసుకుంటే చెవిలో చప్పుడు రాకుండా ఉండే కేబుల్ కొనండి. రోజూ మీకు తెలిసే తేడా అదే. లోహానికి అదనంగా డబ్బు పెట్టే బదులు ఇయర్‌ఫోన్ టిప్స్ మీ చెవికి సరిపోయే సైజులో కొంటే, బేస్‌లో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది.

## అడాప్టర్లు

నా హెడ్‌ఫోన్‌కు 4.4 పిన్ను ఉంది, ల్యాప్‌టాప్‌కు 3.5 జాకే ఉంది. అడాప్టర్ పెట్టొచ్చా?

నిశ్చింతగా పెట్టొచ్చు. అడాప్టర్ రెండు మైనస్ తీగలనూ కలిపి గ్రౌండ్‌కు ఇస్తుంది, మామూలు హెడ్‌ఫోన్‌లో ఉండేది కూడా అదే కదా. అందుకే కేబుల్ 4.4ది కొని, 3.5 అడాప్టర్ ఒకటి బ్యాగులో వేసుకోమని అందరికీ చెబుతాను.

మరి 3.5 పిన్ను హెడ్‌ఫోన్‌ను అడాప్టర్‌తో 4.4 జాక్‌లో పెట్టొచ్చా?

పెట్టకండి. దీన్ని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ అడాప్టర్లు ఆన్‌లైన్‌లో ఏ హెచ్చరికా లేకుండా అమ్ముతున్నారు.

బ్యాలెన్స్‌డ్ జాక్‌లో మైనస్ కాంటాక్టులు గ్రౌండ్ కావు. ఎడమ మైనస్ వెనక ఒక ఆంప్లిఫయర్, కుడి మైనస్ వెనక ఇంకొకటి పనిచేస్తుంటాయి. మామూలు 3.5 హెడ్‌ఫోన్‌లో ఆ రెండు తీగలూ కలిసిపోయి ఉంటాయి. అంటే రెండు ఆంప్లిఫయర్ల అవుట్‌పుట్లను ఒకదానితో ఒకటి షార్ట్ చేసినట్టు. పాట నడుస్తుంటే రెండూ ఒకదానిపై ఒకటి కలబడతాయి.

తెలియని రోజుల్లో నేనూ అలాంటి అడాప్టర్ ఒకటి కొన్నాను. పాట వచ్చింది, బాగానే ఉందనుకున్నాను. రెండు నిమిషాలకు ప్లేయర్ వెనక భాగం ఇస్త్రీపెట్టెలా కాలింది, ఆ తర్వాత దానంతటదే ఆగిపోయింది. లోపల రక్షణ సర్క్యూట్ ఉండబట్టి మళ్లీ ఆన్ అయింది. అన్ని ప్లేయర్లలో అది ఉండదు.

కొన్ని అడాప్టర్లు మైనస్ కాంటాక్టులను ఖాళీగా వదిలేసి, 4.4 పిన్ను మొదట్లో ఉండే గ్రౌండ్‌ను వాడతాయి. వాటితో షార్ట్ అవదు, కానీ సగం ఆంప్లిఫయరే పనిచేస్తుంది. ఆ మాత్రానికి పక్కనే ఉన్న 3.5 జాక్‌లో పెట్టుకుంటే సరిపోతుంది.

4.4 జాక్ నుంచి కారు ఆక్స్‌కు కేబుల్ వేయొచ్చా?

వద్దు. ఆక్స్‌లో ఎడమ, కుడి గ్రౌండ్లు కలిసే ఉంటాయి, ప్లేయర్ మైనస్ అవుట్‌పుట్లు షార్ట్ అవుతాయి. కారుకు, హోమ్ థియేటర్‌కు ఎప్పుడూ 3.5 జాకే వాడండి.

పిన్ను నేనే సోల్డరింగ్ చేసుకుంటాను. ఏ తీగ ఎక్కడ?

4.4లో కొస నుంచి వరసగా ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్. మొదలున్న ఐదో భాగం గ్రౌండ్, హెడ్‌ఫోన్‌కు దాన్ని ఖాళీగా వదిలేయొచ్చు. 2.5లో వరస వేరు. కొస నుంచి కుడి మైనస్, కుడి ప్లస్, ఎడమ ప్లస్, ఎడమ మైనస్. పెద్ద ఆంప్లిఫయర్లలో ఉండే గుండ్రటి నాలుగు పిన్నుల కనెక్టర్ ఎక్స్‌ఎల్‌ఆర్‌లో 1 నుంచి 4 దాకా ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్.

ఇయర్‌ఫోన్ తీగలకు సన్నని రంగు పూత ఉంటుంది. అది గీకకుండా అతికిస్తే సోల్డర్ నిలబడదు. సోల్డరింగ్ ఐరన్ మొనలో చిన్న బొట్టు సోల్డర్ ఉంచి తీగ కొసను అందులో రెండు మూడు సెకన్లు ముంచితే పూత కాలిపోయి కొస వెండిలా మెరుస్తుంది, అప్పుడు అతికించండి. మూత బిగించే ముందు ప్రతి రెండు భాగాల మధ్యా మల్టీమీటర్‌తో షార్ట్ చూడటం మర్చిపోకండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో పిన్నులు, సోల్డర్ అన్నీ వెతుక్కోవచ్చు. ప్లేయర్ పట్టుకెళ్లి, పిన్ను జాక్‌లో బిగువుగా కూర్చుంటోందో లేదో అక్కడే చూసుకుని కొనండి.

## వాడుతున్నప్పుడు

కేబుల్ మార్చాక బేస్ పోయింది, గొంతు తలంతా పరుచుకున్నట్టుంది. కేబుల్ నాసిరకమా?

ఒక వైపు రెండు పిన్నుల కనెక్టర్ తిరగబడి ఉంటుంది. 0.78 మిల్లీమీటర్ల ఆ పిన్నులు ఎటు తిప్పినా దూరతాయి. ఒక వైపు తిరగబడితే ఎడమ స్పీకర్ ముందుకొచ్చేటప్పుడు కుడిది వెనక్కి పోతుంది, బేస్ పలచబడుతుంది. ఒక్క వైపు తీసి తిప్పి పెట్టండి. గొంతు నుదుటి మధ్యకు వచ్చి నిలబడితే సరైనట్టు.

ఇయర్‌ఫోన్ దగ్గర వైరు తిప్పుతుంటే సౌండ్ వస్తూ పోతూ ఉంది.

గుండ్రంగా తిరిగే ఎంఎంసీఎక్స్ కనెక్టర్ అయితే ఇది మామూలే, షూర్ ఎస్ఈ215 లాంటి వాటికి ఉండేది అదే. తిరగడంతో, చెమటతో కాంటాక్టు అరుగుతుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూది పుల్లకు కొద్దిగా అద్ది తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఊరికే ఊడదీసి పెట్టకండి.

బ్యాలెన్స్‌డ్‌లో వింటే చార్జింగ్ త్వరగా అయిపోతోంది.

అవుతుంది. నాలుగు ఆంప్లిఫయర్లు పనిచేస్తున్నాయి మరి. ఫోన్‌కు తగిలించిన డాక్ అయితే ఆ చార్జింగ్ ఫోన్‌దే. రైలు ప్రయాణంలో 3.5 వాడుకోండి.

వాల్యూమ్ ఎంతలో వింటే చెవులకు ప్రమాదం లేదు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కొలత వారానికి 80 డెసిబెల్స్‌లో 40 గంటలు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 83లో 20 గంటలు, 86లో 10 గంటలు. 3.5 నుంచి 4.4కు మారి వాల్యూమ్ అంకె అలాగే వదిలేస్తే 6 డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే మీ 40 గంటలు 10 గంటలైపోతాయి. పిన్ను మార్చే ముందు వాల్యూమ్ తగ్గించడం అలవాటు చేసుకోండి, ముఖ్యంగా పిల్లల చేతికి ప్లేయర్ ఇచ్చేటప్పుడు.

ఒక చెవిలో రావట్లేదు. తప్పు ప్లేయర్‌దా, కేబుల్‌దా, హెడ్‌ఫోన్‌దా?

ఊడదీసే కేబుల్ అయితే కేబుల్‌కు ఇయర్‌ఫోన్లను ఎడమది కుడి వైపు, కుడిది ఎడమ వైపు మార్చి తగిలించండి. అప్పుడూ అదే ఇయర్‌ఫోన్ మోగకపోతే ఇయర్‌ఫోన్ పోయినట్టు. ఇప్పుడు రెండోది మోగకపోతే కేబుల్‌నైనా, జాక్‌నైనా అనుమానించాలి. అదే కేబుల్‌ను అడాప్టర్‌తో ఇంకో ప్లేయర్ 3.5 జాక్‌లో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే కేబుల్, వస్తే మీ ప్లేయర్ జాక్. జాక్ అయితే టార్చి వేసి లోపల చూడండి. జేబులోని నూలు పోగులు అడుగున గడ్డకట్టి పిన్నును పూర్తిగా దిగనివ్వకపోవడం చాలా ఎక్కువ. ప్లేయర్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా బయటికి తీయండి. గుండుసూది మాత్రం వాడకండి, లోపలి సన్నని రేకులు వంగితే జాక్ మార్చాల్సి వస్తుంది.